‘ఒకటి రెండు చోట్ల’ అంటే ఎన్ని చోట్ల?

‘రాగల 24 గంటల్లో ఉత్తర కోస్తాలో ఒకటి రెండు చోట్ల భారీ వర్షాలు కురిసే అవకాశం ఉంది.’ వినీ వినీ ఈ వాక్యం మనకు కంఠతా వచ్చేసింది. వాన పడితే సరేసరి, పడకపోతే ‘వాళ్లు చెబితే గొడుగు ఇంట్లో పెట్టి వెళ్లొచ్చు’ అని నవ్వుకోవడం మనకు అలవాటు. నిజానికి ఆ వాక్యంలోని ఒక్కో మాటకూ 1875లో ఏర్పడిన భారత వాతావరణ శాఖ ఒక్కో కొలత పెట్టుకుంది. ఆ కొలతల్లోని విశేషాలివి.

చోట్ల లెక్క

ఒక ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా వాన పడితే ‘ఒకటి రెండు చోట్ల’. 26 నుంచి 50 శాతం కేంద్రాల్లో పడితే ‘కొన్ని చోట్ల’. 51 నుంచి 75 శాతమైతే ‘అనేక చోట్ల’. అదీ దాటితే ‘దాదాపు అన్ని చోట్ల’. అంటే వంద కేంద్రాలున్న ప్రాంతంలో ఇరవై చోట్ల కుండపోతగా కురిసి మీ ఊళ్లో చినుకు రాలకపోయినా ఆ రోజు అంచనా ఫలించినట్టే లెక్క.

యానాం మనతోనే

వాతావరణ శాఖ దేశాన్ని 36 ఉపవిభాగాలుగా చూస్తుంది. వాటికి పాలనాపరమైన సరిహద్దులతో పెద్దగా పనిలేదు. యానాం పుదుచ్చేరి పాలనలో ఉన్నా గాలీ వానా వచ్చేసరికి కోస్తా ఆంధ్ర ఖాతాలోనే ఉంటుంది. బులెటిన్లలో ‘ఉత్తర కోస్తా, యానాం’ అని కలిపి చదివేది అందుకే.

భారీకీ అతి భారీకీ తేడా

24 గంటల్లో 2.5 నుంచి 15.5 మి.మీ. వరకు కురిస్తే తేలికపాటి వాన. 64.4 మి.మీ. వరకు మోస్తరు. 64.5 నుంచి భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.5 మి.మీ. నుంచి అత్యంత భారీ. ఇక గంట వ్యవధిలో, 20–30 చదరపు కిలోమీటర్ల చిన్న ప్రాంతంలో 10 సెం.మీ. కురిస్తే దాన్ని క్లౌడ్ బరస్ట్ అంటారు. గట్టి వాన పడ్డప్పుడల్లా ఆ మాట వాడేస్తుంటాం గానీ, ఈ కొలతకు అందేవి తక్కువే.

వాన లెక్కకు రోజు ఉదయం 8.30కి మొదలు

అర్ధరాత్రి తారీఖు మారినా వాన లెక్క మారదు. ఉదయం 8.30కి పరిశీలకుడు వర్షమాపకం మూత తీసి, లోపలి సీసాలో చేరిన నీటిని గీతలున్న గాజు కొలపాత్రలో పోసి చూస్తాడు. ముందురోజు 8.30 నుంచి అప్పటివరకు పడిందంతా ఒక్క రోజు వర్షపాతం. గ్రీన్విచ్ కాలమానంలో అది తెల్లవారుజామున మూడు గంటలు. ఆ నీరు 2.5 మి.మీ.కు తగ్గితే, వాన పడినా అది ‘వర్షపు రోజు’ కింద జమ కాదు.

డాబా మీద ఎంత, పొలంలో ఎంత

చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా ఒక లీటరు నీరు. ఆ లెక్కన 150 గజాల డాబా మీద ఒక సెంటీమీటరు వాన అంటే సుమారు 1,250 లీటర్లు. ఎకరం పొలంలో అదే వాన సుమారు 40 వేల లీటర్లు, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది.

తుపాను హోదా గాలిని బట్టే

అల్పపీడనం చుట్టూ గాలి వేగం గంటకు 31 కి.మీ.కు చేరితే వాయుగుండం. 50కి చేరితే తీవ్ర వాయుగుండం, 62కి తుపాను, 89కి తీవ్ర తుపాను, 118కి అతి తీవ్ర తుపాను. 166 దాటితే అంతకు పై మెట్టు. 222 దాటితే సూపర్ సైక్లోన్. 1999 అక్టోబర్ 29న ఒడిశాను తాకింది ఈ చివరి కోవలోదే. ఈ వేగం మూడు నిమిషాల సగటు. ‘గంటకు 90–100 కి.మీ., ఒక్కోసారి 110’ అని చెప్పినప్పుడు ముందుది సగటు, వెనకది ఉన్నట్టుండి విసిరే గాలి. 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర మిచౌంగ్ తీరం దాటినప్పుడు చెప్పిన అంకెలు ఇవే.

వాయుగుండమే కదా అనుకుంటే...

పై మెట్లలో ఎక్కడా వాన కొలత లేదని గమనించారా? 2020 అక్టోబర్ 13న కాకినాడ సమీపంలో తీరం దాటింది తీవ్ర వాయుగుండమే, తుపాను కూడా కాదు. అది భూమ్మీదికొచ్చి హైదరాబాద్‌ను ముంచెత్తింది. 2024 సెప్టెంబర్ 1 వేకువలో కళింగపట్నం దగ్గర తీరం దాటింది అంతకంటే చిన్నది, వట్టి వాయుగుండం. ఆ రోజుల్లోనే బుడమేరు పొంగి విజయవాడలోని కాలనీలు రోజుల తరబడి నీళ్లలో నానాయి. గాలి బలహీనపడిందంటే వాన తగ్గిందని అర్థం కాదు. నెమ్మదిగా కదిలే వాయుగుండం ఒకేచోట గంటల కొద్దీ కుమ్మరించగలదు.

3.1, 5.8 కిలోమీటర్ల మర్మం

‘సముద్ర మట్టానికి 3.1 కి.మీ. ఎత్తులో ఉపరితల ఆవర్తనం’ అంటారు. మూడు అనేస్తే పోయేదానికి ఆ పాయింటు ఒకటి ఎందుకు? శాస్త్రవేత్తలు ఆకాశాన్ని ఎత్తుల వారీగా కాక పీడనం వారీగా పొరలు చేసుకుంటారు. 850 హెక్టోపాస్కల్స్ పీడనం ఉండే పొర సుమారు 1.5 కి.మీ. ఎత్తున, 700 పొర 3.1 కి.మీ. దగ్గర, 500 పొర 5.8 కి.మీ. దగ్గర ఉంటాయి. మనకు తేలిగ్గా ఉంటుందని ఆ పొరల్ని కిలోమీటర్లలోకి మార్చి చెబుతారు. సుడి తిరిగే గాలి ఎంత పైదాకా ఉంటే ఆ ఆవర్తనం అంత బలంగా ఉన్నట్టు.

పదో నంబరు కంటే పైన పదకొండు

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి రేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికలు 1 నుంచి 11 దాకా ఉన్నాయి. పగలు స్తంభానికి శంకువులు, స్తూపాకారాలు వేలాడదీస్తారు. రాత్రయితే ఎర్ర, తెల్ల దీపాలు. ఒకటి, రెండు నంబర్లు దూరంగా సముద్రంలో ఉన్న ముప్పును చెబుతాయి. మూడు, నాలుగు ఆ రేవుకే హెచ్చరిక. 5, 6, 7 ప్రమాదం, 8, 9, 10 పెను ప్రమాదం.

ఇక్కడే ఒక మెలిక ఉంది. ఎనిమిది కంటే తొమ్మిది, తొమ్మిది కంటే పది పెద్ద తుపాను అనుకుంటాం. మూడింటి తీవ్రతా ఒకటే! తుపాను రేవును తన ఎడమ పక్కన వదిలి పోతుందనుకుంటే 8, కుడి పక్కనైతే 9, రేవు మీదుగానో మరీ దగ్గరగానో పోతుందంటే 10. ఉత్తరార్ధగోళంలో తుపాను దారికి కుడివైపే గాలి ఎక్కువ విసురుగా ఉంటుంది కాబట్టి నావికులకు ఈ కుడి ఎడమల తేడా ప్రాణంతో సమానం. మరి పదకొండు? తుపాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని అర్థం.

కన్ను దాటితే సగమే అయినట్టు

తుపాను ‘తీరం దాటింది’ అంటే దాని కేంద్రం నేల మీదికొచ్చిందన్నమాట. బలమైన తుపానుల మధ్యలో గాలి లేని కన్ను ఉంటుంది. 2014 అక్టోబర్ 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్‌కూ అలాంటి కన్ను ఏర్పడింది. కన్ను మన మీదికి వచ్చినప్పుడు గాలి ఒక్కసారిగా సద్దుమణుగుతుంది. తుపాను వెళ్లిపోయిందని బయటికొస్తే ప్రమాదం. కాసేపటికి గాలి ఈసారి ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడుతుంది.

దివిసీమ ఉప్పెనకు పేరు లేదు

1977 నవంబర్ 19న దివిసీమను ఊడ్చేసిన తుపానుకు పేరు లేకపోవడానికి కారణం, అప్పటికి మన సముద్రాల్లో ఆ పద్ధతి లేకపోవడమే. బంగాళాఖాతం, అరేబియా సముద్రాల తుపానులకు పేర్లు పెట్టడం 2004లో మొదలైంది. బంగ్లాదేశ్ ఇచ్చిన ‘ఓనిల్’ మొదటి పేరు. 2020లో 13 దేశాలు తలా 13 చొప్పున 169 పేర్లతో కొత్త జాబితా ఇచ్చాయి. గతి, తేజ్, వ్యోమ్, ప్రభంజన్ మన దేశం ఇచ్చినవి. గాలి 62 కి.మీ.కు చేరితేనే నామకరణం. ఒకసారి వాడిన పేరు మళ్లీ వాడరు.

రెంటచింతలకు 40, మచిలీపట్నానికి 37

రెంటచింతల లాంటి మైదాన ప్రాంతాల్లో ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలుండి, సాధారణం కంటే 4.5 డిగ్రీలు ఎక్కువైతే వడగాలి. 6.4 డిగ్రీలకు మించి ఎక్కువైతే తీవ్ర వడగాలి. మచిలీపట్నం లాంటి తీర ప్రాంతాల్లో 37 డిగ్రీలకే ఈ లెక్క మొదలవుతుంది. మైదానాల్లో సాధారణంతో పనిలేకుండా 45కు చేరితే వడగాలి, 47కు చేరితే తీవ్ర వడగాలి. ఈ అంకెలన్నీ నీడలో కొలిచినవి. భూమికి నాలుగడుగుల ఎత్తున, తెల్ల రంగు వేసిన, గాలి ఆడే పలకల చెక్కపెట్టెలో థర్మామీటర్లు ఉంటాయి. దాని తలుపు ఉత్తరానికి తెరుచుకుంటుంది, తీసినప్పుడు ఎండ లోపల పడకూడదని. ఆ పెట్టెను రూపొందించిన థామస్ స్టీవెన్సన్ స్కాట్లాండ్‌లో లైట్‌హౌస్‌లు కట్టిన ఇంజనీరు. ‘ట్రెజర్ ఐలాండ్’ నవల రాసిన రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ ఆయన కొడుకే.

రుతుపవనాలకు పద్నాలుగు సాక్షులు

కేరళలో రెండు వానలు పడగానే రుతుపవనాలు వచ్చేశాయని ప్రకటించరు. మినికాయ్ నుంచి మంగళూరు వరకు ఎంచుకున్న 14 కేంద్రాలున్నాయి. మే 10 తర్వాత వాటిలో 60 శాతం చోట్ల వరుసగా రెండు రోజులు 2.5 మి.మీ. లేదా ఎక్కువ కురవాలి. పడమటి గాలుల బలం, మేఘాల మందం కూడా సరిపోవాలి. మామూలుగా రావాల్సిన తేదీ జూన్ 1. 2025లో మే 24నే వచ్చేశాయి.

‘సాధారణ’ వర్షపాతం

జిల్లాలో వాన 19 శాతం తగ్గినా, 19 శాతం పెరిగినా వాతావరణ శాఖ లెక్కలో అది సాధారణమే. 20 శాతం తగ్గితేనే లోటు, 60 శాతం తగ్గితే తీవ్ర లోటు. మొత్తం దేశానికి మాత్రం ఈ వెసులుబాటు తక్కువ. జూన్–సెప్టెంబర్ సగటు 87 సెం.మీ.లో 96 నుంచి 104 శాతం మధ్య ఉంటేనే సాధారణం.

రంగుల భాష

బులెటిన్‌లో జిల్లాకు ఇచ్చే రంగు ఆకుపచ్చ అయితే హెచ్చరిక లేనట్టు. పసుపు వస్తే తాజా సమాచారం గమనిస్తూ ఉండాలి. నారింజకు సిద్ధంగా ఉండాలి. ఎరుపు వచ్చిందంటే ఇక ఎదురుచూపులు వద్దు, చేయాల్సింది చేసేయాలి.

ఈసారి బులెటిన్ చదివేటప్పుడు తుపాను పేరు దగ్గర ఆగిపోకండి. ఎన్ని చోట్ల, ఎన్ని సెంటీమీటర్లు, గాలి వేగమెంత, మీ జిల్లాకు ఏ రంగు, ఈ నాలుగూ చూసుకోండి. పొలానికి వెళ్లాలా, వేటకు వెళ్లాలా, ప్రయాణం వాయిదా వేయాలా అన్నది వాటిని బట్టే నిర్ణయించుకోండి.