పెట్టెలోని పనివాడు

2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు, బరంపురం గేట్ బజారులో మేమంతా తలుపులు బిగించుకొని కూర్చున్నాము. తెల్లవారిన తరువాత, ఏ ఇంట ముసలివారు ఒంటరిగా ఉన్నారని ఎవరో అడిగితే జవాబు చెప్పగలవారు లేరు. చందా పుస్తకంలో ఇంటి యజమానుల పేర్లే ఉన్నవి. వెనుక గదిలోని మామ్మ పేరు ఏ పుటలోనూ లేదు.

వీధిలో ఇండ్లు, ఇంటిలో మనుషులు, మనిషికి కావలసిన మందులు — ఇదంతా ఒకచోట వ్రాసి ఉంచవలెనని అప్పటినుంచీ నా కోరిక. కాని గళ్ళ పట్టికలో ఇది చక్కగా ఇమడదు. ఒక ఇంట ఒక్కరుంటే మరొక ఇంట పదిమంది ఉంటారు గదా! అమ్మ భోషాణంలో పెట్టె, పెట్టెలో భరిణె, భరిణెలో ఉంగరం ఉన్నట్లు, జాబితాలో జాబితా కావలెను. జేసన్ అనే వ్రాతపద్ధతి అటువంటిదే. దానిలోనుంచి కావలసినది ఏరి ఇచ్చే పనిముట్టు జేక్యూ. ఒక్కరే ఉండి, వయస్సు అరవై దాటిన ఇండ్లేవో చెప్పమంటే క్షణంలో చెప్పుతుంది.

విశాఖలోని మా మేనల్లుడు పేర్లు చేర్చే చిన్న స్క్రిప్టు వ్రాసి పంపాడు. అతని యంత్రంలో నడిచినది నా పాత యంత్రంలో నడవలేదు.

“మామయ్యా, దానికి కావలసిన సరంజామా అంతా కలిపి పెట్టెలో పెట్టి పంపుతాను” అన్నాడు.

ఈ పెట్టెనే కంటెయినరు అంటారు. 1956లో మాల్కమ్ మెక్లీన్ 58 అల్యూమినియం పెట్టెలను న్యూఆర్కు నుంచి హ్యూస్టనుకు ఓడలో పంపాడు. లోపలి సరుకు విప్పకుండానే పెట్టెను రేవు దాటించవచ్చునన్నది అందులోని కిటుకు. 2013లో వెలువడిన డాకర్ కార్యక్రమాలకు అదే సౌకర్యం కల్పించింది.

మూడు సాయంత్రాలు ఇల్లిల్లూ తిరిగి, ఒక రాత్రి కూర్చుని అన్నీ ఎక్కించాను. చిత్తుకాగితాలు చించివేశాను. మరునాడు చూస్తే ఒక్క పేరూ లేదు! పని ముగియగానే పెట్టెను తొలగించమని ఆజ్ఞలోనే ఉన్నది. నేను వ్రాసినదంతా పెట్టె లోపలనే ఉండి, దానితోనే పోయింది. ‘వి’ అనే గుర్తుతో మన ఫోల్డరును పెట్టెకు జతపరిస్తే, వ్రాత మన దగ్గరే నిలిచేది. మరొక జాగ్రత్త: జేక్యూ చదువుతున్న ఫైలులోకే ఫలితాన్ని మళ్ళించరాదు. చదవకముందే అది ఖాళీ అయిపోతుంది. కొత్త ఫైలులో వ్రాయించి, సరిచూసుకొని, ఆపైన పేరు మార్చుకోవలెను.

మళ్ళీ బయలుదేరక తప్పలేదు. ఒక మామ్మగారు, “మొన్ననే చెప్పాను గదా నాయనా, అప్పుడే మరచిపోయావా?” అన్నారు. సిగ్గుపడి, ఆమె ఎదుటనే పేరు వ్రాసి చదివి వినిపించాను.

ఇప్పుడు జాబితాను అచ్చుతీసి బీరువాలోనూ ఉంచుతున్నాము. తుపాను వచ్చిననాడు కరెంటు ఉండదు గదా!