ఎదురీతకూ కొట్టుకుపోవడానికీ నడుమ: పగడపు దిబ్బలపై ‘వాలుమునక’ - పద్ధతి, పరిభాష

నీటి ప్రవాహంతో మనిషికి గల సంబంధాన్ని చెప్పడానికి తెలుగులో రెండు మాటలు బాగా స్థిరపడ్డాయి. ప్రవాహానికి అభిముఖంగా సాగితే ‘ఎదురీత’, దానికి లొంగిపోతే ‘కొట్టుకుపోవడం’. మొదటి మాటలో పౌరుషం ధ్వనిస్తుంది, రెండవదానిలో నిస్సహాయత. ప్రవాహాన్నే వాహనంగా చేసుకొని, తెలిసి, కోరి సాగడాన్ని సూచించే నామవాచకం వాడుకలో కుదురుకోలేదు. ఆంగ్లంలో ‘డ్రిఫ్ట్ డైవింగ్’ అనే స్కూబా పద్ధతి సరిగ్గా అదే.

ఈ లోటు నిఘంటుకారులకు మాత్రమే పరిమితమైనది కాదు. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభాలో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. 2018 వరకు హేవ్‌లాక్‌గా పిలిచిన అక్కడి స్వరాజ్ ద్వీప్ చుట్టూ ఉన్న డిక్సన్స్ పినకిల్, జానీస్ గార్జ్ వంటి దిబ్బలు బలమైన ప్రవాహాలకు పేరుపొందాయి. పగడపు జీవి ఉన్నచోటి నుంచి కదలదు. దాని ఆహారమైన ప్లవకాలను నీరే మోసుకురావాలి. అందువల్ల ప్రవాహం చురుకుగా ఉన్నచోట పగడాలూ చేపలూ తరచు సమృద్ధిగా కనిపిస్తాయి.

నీటి వేగం రెట్టింపైతే ఈదేవాడికి ఎదురయ్యే నిరోధం దాదాపు నాలుగింతలవుతుంది. ఆయాసం పెరుగుతుంది, సిలిండరులోని గాలి త్వరగా తరిగిపోతుంది. అదే ప్రవాహంతో కలిసి సాగితే, గంటకు 1.85 కిలోమీటర్ల వేగంలో నలభై నిమిషాలకు దాదాపు 1.2 కిలోమీటర్ల దిబ్బ కళ్లముందు కదలిపోతుంది. దిగినచోట ఎవరూ పైకి తేలరు కనుక పడవ లంగరు వేయదు, సరంగు వెంబడిస్తూ వస్తాడు. అమావాస్య, పున్నమి రోజుల్లో ఆటుపోట్ల వ్యత్యాసం ఎక్కువ, ప్రవాహమూ ఎక్కువే. దిబ్బ ఉపరితలానికి దగ్గరగా ఘర్షణ వల్ల నీరు నెమ్మదిస్తుంది. ఆగవలసి వస్తే పగడాలను తాకకుండా ఒక బండ చాటుకు చేరడం ఉత్తమం.

‘డైవింగ్’కు ‘నిమజ్జనం’ అనే మాట వాడవచ్చు గాని, అది వినగానే వినాయకుడు గుర్తుకు వస్తాడు. ఆయన తిరిగి పైకి రాడు. ‘మునక’లో ఆ చిక్కు లేదు, మూడు మునకలు వేసినవాడు మూడుసార్లూ లేస్తాడు. ‘ఏటివాలు’లోని ‘వాలు’ను దీనికి చేరిస్తే ‘వాలుమునక’ అవుతుంది. ‘వాలు’కు ఏటవాలు అనే అర్థం కూడా ఉండటం వల్ల దిబ్బ వాలుతో పొరపడే అవకాశం లేకపోలేదు. అయినా ‘కొట్టుకుపోవడం’ కంటే ఇది మేలు. ఆ మాటను శిక్షణలో వాడితే నేర్చుకొనేవాడు ప్రవాహాన్ని ప్రమాదంగానే భావించి ఎదురీతకు పూనుకోవచ్చు.

దిబ్బ అంచున నీరు కిందికి దూకే సందర్భంలో ఈ తేడా ప్రాణాల మీదికి వస్తుంది. అటువంటిచోట నిట్టనిలువుగా పైకి పోరాడటం అలసటకే దారితీస్తుంది. దిబ్బకు దూరంగా అడ్డంగా ఈది, ఆ ధార నుంచి బయటపడిన తర్వాతనే లోతుమాపకం చూసుకొంటూ నెమ్మదిగా లేవాలి. పైకి వచ్చేముందు 5 మీటర్ల లోతున మూడు నిమిషాలు ఆగే సమయంలోనూ నీరు మోస్తూనే ఉంటుంది. అప్పుడు గాలి నింపి పైకి వదిలే నారింజరంగు గొట్టమే సరంగుకు జాడ.