చేతులు మారిన మోటారు సైకిలు

తిరుమల కొండకు మొదటి ఘాట్ రోడ్డు 1944లోను, రెండవది 1974లోను ఏర్పడినవి. నేడు రెండవ దారిని ఎక్కి, మొదటి దారిని దిగుట ఆచారము. ఎక్కలేని బండి దారిలో ఆగిపోవును. దిగునప్పుడు ఆగని బండి ప్రాణము మీదికి తెచ్చును. కావున పాత మోటారు సైకిలును కొని బాగుచేయించువారు రంగును, మెరుగును తరువాత చూచుకొనవచ్చును.

మన ప్రాంతమున పాత బండి యనగానే బుల్లెట్ తలపునకు వచ్చును. 1955లో ఏర్పడిన ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఇంగ్లండు నమూనాను మద్రాసులో, తిరువొత్తియూరు కర్మాగారమున తయారుచేసెను. దశాబ్దముల పాటు దాని మూలరూపము పెద్దగా మారలేదు. ఒక కాలపు భాగములు పెక్కు మరియొక కాలపు బండికి అమరును. ఇది దాని సుగుణము. చిక్కు కూడ ఇదియే. చేతులు మారిన ప్రతిసారియు ఏ భాగము మారెనో బండిని చూచినంత మాత్రమున తెలియదు. అందుచేత తయారీదారుల పుస్తకమును నమ్ముటకు ముందు బండినే కొలిచి చూడవలెను.

మొదట ఇంజను, ఛాసిస్ నంబర్లను రిజిస్ట్రేషను పత్రముతో పోల్చవలెను. కొన్ని బుల్లెట్లకు డీజిలు ఇంజను కూడ అమర్చబడినది. ఇట్టి మార్పులకు 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను వర్తించును.

విప్పుటకు ముందు అన్ని వైపుల ఫొటోలు తీసి, ప్రతి తీగకు చీటి కట్టవలెను. 350 బుల్లెట్ సిలిండరు బోరు 70 మిల్లీమీటర్లు. రీబోరు చేయించిన దానిలో అంతకు మించియుండును. పైన, నడుమ, క్రింద కొలిచి, ఆ కొలతకు తగిన పిస్టనును, రింగులను ఎన్నుకొనవలెను. పాత బండ్లలో విద్యుత్తు 6 వోల్టులు, తరువాతి వానిలో 12. బ్యాటరీ ఒక రకము, బల్బులు వేరొక రకము కాకుండ చూడవలెను.

పాత బుల్లెట్‌లో గేరు కుడికాలికి, వెనుక బ్రేకు ఎడమకాలికి ఉండును. కొందరు వీనిని తారుమారు చేయింతురు. అలవాటున కాలు పొరబడినచో మలుపులో ప్రమాదము తప్పదు. బ్రేకు డ్రమ్మును విప్పి చూచుట మరువరాదు. అరిగిన లైనరును మార్చక, రేకుముక్క నడ్డుపెట్టి సరిపుచ్చినవారుందురు. డ్రమ్మును లేతుపై కోయించినచో లోపలి వెడల్పు పెరిగి, మామూలు లైనరు నడుమ భాగమున మాత్రమే అంటును. అప్పుడు పట్టు తగ్గును.

దిగునప్పుడు తక్కువ గేరులో ఇంజనే బండిని కొంత నిలువరించును. 1996లో మూతబడిన మైసూరు కర్మాగారపు జావా, యెజ్డీ బండ్లు టూ స్ట్రోకువి. వానిలో ఈ నిలువరింపు స్వల్పము. పైగా నూనె పెట్రోలుతో కలసి వచ్చునట్టి ఇంజనులో, థ్రాటిల్ మూసి దిగుచున్నంతసేపు లోనికి చేరు నూనె కూడ తగ్గును.

ఒకసారి ఒక్క మార్పు మాత్రమే చేసి, సమతలమున నడిపి చూడవలెను. రెండు మూడు మార్పులు కలిపి చేసినచో దేనివలన మేలు కలిగెనో, దేనివలన కీడు కలిగెనో తెలియదు. కొలతలను, మార్చిన భాగములను తేదీలతో నోటు పుస్తకమున వ్రాసి యుంచవలెను. బండిని అమ్మునాడు ఆ పుస్తకమును కూడ కొన్నవాని చేతికీయవలెను.