మీ లాప్‌టాప్‌లో బిల్డ్ అయితే సరిపోదు

మా ఆటోనగర్‌లో లారీకి బాడీ కట్టే మేస్త్రీ ముందు ఛాసిస్ కొలత అడుగుతాడు. నెట్‌వర్క్ కార్డుకి కొత్త డ్రైవర్ రివ్యూకి వస్తే నేనూ అంతే, ముందు కె-కాన్ఫిగ్ ఫైల్ తెరుస్తా. ఆ డ్రైవర్‌కి కెర్నల్‌లో ఇంకేం కావాలో రాసేది అందులోనే.

లినక్స్‌లో డ్రైవర్‌ని ఆన్ చేయడానికి రెండు దారులు. ‘వై’ పెడితే కెర్నల్‌లోనే కలిసిపోతుంది. ‘ఎం’ పెడితే విడి మాడ్యూల్‌గా తర్వాత లోడవుతుంది. తిరకాసంతా ఇక్కడే. టైమ్‌ని కచ్చితంగా సరిచూసే పీటీపీ క్లాక్ సపోర్ట్ ‘ఎం’లో ఉండి, దాన్ని పిలిచే డ్రైవర్ ‘వై’లో ఉంటే? కోడ్ కంపైల్ అవుతుంది, లింక్ దగ్గర ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’ అని ఆగిపోతుంది. రాసినవాళ్ల లాప్‌టాప్‌లో రెండూ ‘వై’ అయితే వాళ్లకిది కనపడదు.

దీనికోసమే 2021లో ఆర్న్డ్ బెర్గ్‌మన్ ‘పీటీపీ_1588_క్లాక్_ఆప్షనల్’ అనే ఆప్షన్ తెచ్చారు. దాని మీద ‘డిపెండ్స్ ఆన్’ అని ఒక్క లైను రాస్తే చాలు. క్లాక్ మాడ్యూలైతే డ్రైవర్ కూడా మాడ్యూలే అవుతుంది. క్లాక్ అసలు లేకపోయినా డ్రైవర్ బిల్డ్ అవుతుంది.

మీరూ డ్రైవర్ రాస్తుంటే పంపేముందు ‘మేక్ రాండ్‌కాన్ఫిగ్’ కొట్టి, నాలుగైదు రకాల సెట్టింగులతో బిల్డ్ చేసి చూడండి. ఇంటెల్ నడిపే కెర్నల్ టెస్ట్ రోబో ఎలాగూ పట్టుకుంటుంది. కానీ దాని మెయిల్ వచ్చేలోపు, మీ కోడ్ తీసుకున్న ఇంకెవరి బిల్డో ఆగిపోవచ్చు.