టైప్-సేఫ్ ఏపీఐ

టైప్-సేఫ్ ఏపీఐ లేదా రకభద్ర ఏపీఐ అనగా, వెబ్ అప్లికేషనులో బ్రౌజరుకూ సర్వరుకూ మధ్య నడిచే సమాచారంలోని ప్రతి అంశం ఏ రకానికి చెందవలెనో ముందే నిర్వచించి, ఆ నిర్వచనాన్ని రెండు వైపులా అమలు జరిపే అనుసంధాన వ్యవస్థ. సంఖ్య, స్ట్రింగు (అక్షరాల వరుస), అవును-కాదు విలువ, జాబితా, ఆబ్జెక్టు మొదలైనవి ఇక్కడ రకాలు. సర్వరు సంఖ్యను ఆశించే చోట ప్రోగ్రామరు పొరపాటున స్ట్రింగును పంపితే, ఆ తప్పు వాడుకరి తెర మీద కాక ప్రోగ్రాము కంపైలు అయ్యే సమయంలోనే బయటపడుతుంది.

లాగిన్ ఉన్న అప్లికేషన్లలో దీనికి మరొక ప్రాధాన్యం కలదు. సర్వరుకు వచ్చిన అభ్యర్థనను ఎవరు పంపారో తేల్చే ప్రక్రియను ప్రామాణీకరణ అంటారు. రకాల విషయంలో జరిగిన చిన్న అశ్రద్ధ పలుమార్లు ప్రామాణీకరణనే దాటిపోవడానికి దారి తీసింది. కనుక ఈ రెండింటినీ కలిపి పరిశీలించడం ఉచితం.

నేపథ్యం

ప్రోగ్రామింగు భాషలలో రకాల సిద్ధాంతం వెబ్ కంటే చాలా పాతది. రకాల తనిఖీలో నెగ్గిన ప్రోగ్రాము నడిచేటప్పుడు కొన్ని తరహాల తప్పులు చేయజాలదని రాబిన్ మిల్నర్ 1978లో ప్రచురించిన పరిశోధనా పత్రంలో గణితపరంగా నిరూపించాడు. వెబ్ మాత్రం ఇందుకు భిన్నమైన దారిలో పెరిగింది. 1995లో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ రూపొందించిన జావాస్క్రిప్టులో చలరాశులకు రకాన్ని ప్రకటించవలసిన పని లేదు. ఆ భాషలో "5" అనే స్ట్రింగుకు 1 కలిపితే "51" వస్తుంది, దాని నుండి 1 తీసివేస్తే 4 వస్తుంది. చిన్న పేజీలకు ఇది సౌకర్యమే. 2009లో రయన్ డాల్ విడుదల చేసిన నోడ్.జేఎస్ ద్వారా ఇదే భాష సర్వర్ల మీదకు, అక్కడి నుండి లావాదేవీల లెక్కల లోపలికి చేరిన తరువాత ఇది సమస్యగా మారింది.

జావాస్క్రిప్టుకు రకాలను జోడించే టైప్‌స్క్రిప్టు భాషను మైక్రోసాఫ్ట్ 2012 అక్టోబరులో విడుదల చేసింది. అండర్స్ హైల్స్‌బర్గ్ దీని ముఖ్య రూపకర్త. బ్రౌజరు, సర్వరు రెండూ ఒకే భాషలో ఉండటం వలన, ఒకే రక నిర్వచనాన్ని రెండు చోట్లా వాడే వీలు కలిగింది.

సరిహద్దు వద్ద సమస్య

టైప్‌స్క్రిప్టు గురించి కొత్తవారు తరచుగా పొరబడే విషయం ఒకటున్నది. అందులో రాసిన రకాలు కంపైలరు పని ముగిసే వరకే ఉంటాయి. ఆ తరువాత అవి పూర్తిగా చెరిగిపోయి సాధారణ జావాస్క్రిప్టు మాత్రమే మిగులుతుంది. 2025 జనవరిలో వచ్చిన నోడ్.జేఎస్ 23.6 టైప్‌స్క్రిప్టు దస్త్రాలను నేరుగా నడపగలుగుతున్నది, కానీ అది కూడా రకాలను తనిఖీ చేయదు, తుడిచివేస్తుంది. "సంకేతపదం ఒక స్ట్రింగు" అని మూలంలో రాసి ఉన్నంత మాత్రాన బయటి వ్యక్తి స్ట్రింగునే పంపుతాడనే హామీ ఏదీ లేదు. అది ప్రోగ్రామరు తనకు తాను చెప్పుకున్న మాట మాత్రమే.

మాంగోడీబీ డేటాబేసు వాడే అప్లికేషన్లలో కనిపించిన ఒక దాడి ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. పేరు, సంకేతపదం రెండూ సరిపోయే వాడుకరిని వెదకమని సర్వరు డేటాబేసును అడుగుతుంది. దాడి చేసే వ్యక్తి సంకేతపదం స్థానంలో స్ట్రింగుకు బదులు "ఖాళీ పదానికి సమానం కానిది" అనే అర్థం వచ్చే ఆబ్జెక్టును పంపుతాడు. సర్వరు దానిని యథాతథంగా ప్రశ్నలో చేర్చుతుంది. ప్రతి సంకేతపదమూ ఖాళీ కానిదే కావున వెదుకులాట ఫలిస్తుంది, లాగిన్ పూర్తవుతుంది. సంకేతపదాలను హ్యాష్ చేసి సరిపోల్చే చోట ఇది నేరుగా పనిచేయదు గాని, సంకేతపదం మార్చుకొనడానికి ఈ-మెయిలులో పంపే రహస్య టోకెన్లను ఇదే విధంగా వెదికే సర్వర్లకు ప్రమాదం అలాగే ఉంటుంది. వచ్చినది స్ట్రింగేనా అన్న ఒక్క తనిఖీ ఉంటే ఈ దాడి సాధ్యం కాదు.

అధికంగా వచ్చిన అంశాలను స్వీకరించడం మరొక లోపం. 2012 మార్చిలో ఎగోర్ హోమకోవ్ అనే ప్రోగ్రామరు గిట్‌హబ్‌లో దీనిని బహిరంగంగా చూపాడు. తన పబ్లిక్ కీని నమోదు చేసే ఫారంలో, ఫారం అడగని యజమాని గుర్తింపు సంఖ్యను కూడా చేర్చి పంపగా, సర్వరు దానిని అంగీకరించింది. తత్ఫలితంగా ఆయన కీ రైల్స్ ప్రాజెక్టు ఖాతాకు చేరి, ఆ ప్రాజెక్టులో మార్పు చేసే అధికారం ఆయనకు లభించింది. 2013లో విడుదలైన రైల్స్ 4, అనుమతించిన అంశాలను ముందుగా పేర్కొనే పద్ధతిని ప్రవేశపెట్టింది.

అందువలన బయటి నుండి వచ్చే సమాచారాన్ని ముందుగా "తెలియని" రకంగా పరిగణించాలి. టైప్‌స్క్రిప్టు 3.0 (2018) నుండి దీనికి ప్రత్యేక రకమే కలదు. ప్రోగ్రాము నడిచే సమయంలో తనిఖీ చేసిన పిమ్మటే దానికి నిర్దిష్టమైన రకం దక్కాలి. 2020లో వెలువడిన జోడ్ వంటి లైబ్రరీలలో నమూనాను ఒకసారి రాస్తే చాలు. నడిచేటప్పటి తనిఖీ, కంపైలరుకు కావలసిన రకం రెండూ దాని నుండే పుడతాయి. రెండింటినీ విడివిడిగా రాస్తే కొద్ది నెలలలోనే ఒకదానికొకటి పొసగకుండా పోతాయి.

ఒప్పందాన్ని రాసే పద్ధతులు

వేర్వేరు భాషలలో రాసిన కార్యక్రమాల మధ్య ఒప్పందాన్ని ఒక ప్రత్యేక దస్త్రంగా రాయడం పాత పద్ధతి. గూగుల్ 2008లో బహిరంగపరచిన ప్రోటోకాల్ బఫర్లు, ఫేస్‌బుక్ 2015లో విడుదల చేసిన గ్రాఫ్‌క్యూఎల్, పూర్వం స్వాగర్ అని పిలువబడి 2016లో పేరు మారిన ఓపెన్‌ఏపీఐ ఈ కోవలోనివి. ఆ దస్త్రం నుండి రెండు వైపులకూ కావలసిన కోడును సాధనాలే ఉత్పత్తి చేస్తాయి. రెండు వైపులా టైప్‌స్క్రిప్టే ఉన్నప్పుడు ప్రత్యేక దస్త్రం అవసరం లేదు. టీఆర్‌పీసీ లైబ్రరీ సర్వరులోని ప్రక్రియల రకాలను నేరుగా బ్రౌజరు వైపు కోడుకు అందిస్తుంది. సర్వరులో ఒక అంశం పేరు మార్చిన మరుక్షణం, దానిని వాడిన ప్రతి పేజీలోనూ ఎడిటరు తప్పును చూపుతుంది. ఇతర భాషల మొబైల్ అప్లికేషన్లు కూడా ఉన్న సంస్థలకు మాత్రం ఓపెన్‌ఏపీఐ వంటివే అనుకూలం.

ఏ పద్ధతి ఎంచుకున్నా, సంఖ్య వలె కనిపించేదంతా సంఖ్య కాదని గుర్తుంచుకోవాలి. హైదరాబాదు ఎస్‌టీడీ కోడు 040ను సంఖ్యగా నిల్వ చేస్తే 40 మాత్రమే మిగులుతుంది. జావాస్క్రిప్టు సంఖ్యలు 9007199254740991 వరకే పూర్ణాంకాలను నిక్కచ్చిగా చూపగలవు; ఆపై చివరి అంకెలు మారిపోవచ్చు. ఈ కారణంగానే ట్విట్టర్ 2010లో ట్వీట్ల గుర్తింపు సంఖ్యలను స్ట్రింగు రూపంలో కూడా ఇవ్వడం ప్రారంభించింది. ఇక జేసన్ ఆకృతిలో తేదీ అనే రకమే లేదు, తేదీలన్నీ స్ట్రింగులుగానే ప్రయాణిస్తాయి.

సంకేతపదాలు

సంకేతపదాలను యథాతథంగా నిల్వ చేయరాదన్నది యూనిక్స్ కాలం నాటి నియమం. ప్రతి సంకేతపదానికి "సాల్ట్" అనే యాదృచ్ఛిక విలువను కలిపి హ్యాష్ చేసే పద్ధతిని రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 1979లో వివరించారు. 1999లో నీల్స్ ప్రోవోస్, డేవిడ్ మాజియెర్ కావాలనే నెమ్మదిగా పనిచేసే బీక్రిప్ట్‌ను ప్రతిపాదించారు. 2015లో ముగిసిన సంకేతపద హ్యాషింగు పోటీలో ఆర్గాన్2 విజేతగా నిలిచింది.

బీక్రిప్ట్ మొదటి 72 బైట్లను మాత్రమే లెక్కలోకి తీసుకుంటుంది. పలు లైబ్రరీలు మిగిలిన భాగాన్ని మౌనంగా వదిలివేస్తాయి, కొన్ని తప్పును చూపి నిరాకరిస్తాయి. ఆంగ్లంలో ఇది 72 అక్షరాలు. తెలుగులో యూనికోడు సంకేతం ఒక్కొక్కటి యూటీఎఫ్-8లో 3 బైట్లు ఆక్రమిస్తుంది కనుక 24 సంకేతాలకే హద్దు వస్తుంది. "స్త్రీ" అనే ఒక్క అక్షరంలో మూడు హల్లులు, రెండు పొల్లులు, ఒక గుడి దీర్ఘం కలిసి 6 సంకేతాలు, అనగా 18 బైట్లు ఉన్నాయి. ఇటువంటి అక్షరాలు నాలుగింటితోనే 72 బైట్లు నిండిపోతాయి. దీనికి విపర్యయంగా, "కనీసం 8 అక్షరాలు" అనే నిబంధనను ఇలాంటి రెండు అక్షరాలే నెగ్గగలవు, ఎందుకనగా జావాస్క్రిప్టు దృష్టిలో వాటి పొడవు 12. నిడివిని స్ట్రింగు రకం చెప్పదు. దేనిని లెక్కిస్తున్నామో నమూనాలో స్పష్టంగా రాయవలసినదే.

వాడుకరి పేర్లలోనూ ఇటువంటి చిక్కు కలదు. ఐత్వాన్ని ఒకే సంకేతంగా గాని, ఎత్వం, ఐత్వపు క్రింది గుర్తు అనే రెండు సంకేతాలుగా గాని నమోదు చేయవచ్చు. "శైలజ" అని రెండు విధాలా రాసినపుడు తెర మీద ఒకే పేరు కనబడినా, డేటాబేసుకు అవి ఇద్దరు వేర్వేరు వ్యక్తులు. నిల్వకు ముందే యూనికోడు సాధారణీకరణ చేస్తే ఇది తొలగుతుంది.

సెషను, టోకెను

లాగిన్ అయిన వాడుకరిని తరువాతి అభ్యర్థనలలో గుర్తించడానికి రెండు మార్గాలున్నాయి. మొదటిది సెషను. సర్వరు ఒక పెద్ద యాదృచ్ఛిక సంఖ్యను కుకీగా ఇచ్చి, దానికి సంబంధించిన వివరాలను తన వద్దే ఉంచుకుంటుంది. కుకీ జావాస్క్రిప్టుకు కనబడకుండా, గుప్తీకరించిన అనుసంధానం ద్వారానే పంపబడేటట్లు గుర్తులు పెట్టాలి. రెండవది 2015లో ప్రమాణంగా వెలువడిన జేసన్ వెబ్ టోకెను (ఆర్‌ఎఫ్‌సీ 7519). ఇందులో శీర్షిక, సమాచారం, సంతకం అనే మూడు భాగాలు చుక్కలతో వేరు చేయబడి ఉంటాయి. సంతకం ఉన్నందున మార్చడం కుదరదు గాని, సమాచారాన్ని ఎవరైనా చదవగలరు. గడువు తీరక ముందే టోకెనును రద్దు చేయాలంటే సర్వరు మళ్ళీ ఒక జాబితాను ఉంచుకోవలసి వస్తుంది. ఒకే సర్వరు, ఒకే డేటాబేసు ఉన్న సామాన్య అప్లికేషనుకు సెషనే మేలు. టోకెన్లను అవసరానికి మించి వాడటం పరిపాటి అయినది.

2015లో టిమ్ మెక్లీన్ పలు లైబ్రరీలలో రెండు తీవ్రమైన లోపాలను బయటపెట్టాడు. సంతకానికి ఏ పద్ధతి వాడారో టోకెను శీర్షికే చెబుతుంది. అక్కడ "ఏదీ కాదు" అని రాసి సంతకాన్ని ఖాళీగా వదిలినా కొన్ని లైబ్రరీలు అంగీకరించాయి. రెండవ లోపం మరింత సూక్ష్మమైనది. సర్వరు పబ్లిక్ కీతో సరిచూడవలసిన చోట, దాడి చేసే వ్యక్తి శీర్షికలో రహస్య కీ పద్ధతి పేరు రాసి, అందరికీ తెలిసిన ఆ పబ్లిక్ కీనే రహస్య కీగా వాడి సంతకం చేస్తాడు. లైబ్రరీకి రెండు కీలూ కేవలం స్ట్రింగులే కావున తేడా తెలియలేదు. రెండు కీలకూ వేర్వేరు రకాలు ఉండి ఉంటే, ఈ తప్పు కంపైలరు వద్దనే ఆగిపోయేది. 2020లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 8725 అనుమతించిన పద్ధతులను సర్వరే నిర్ణయించాలని నిర్దేశించింది.

ప్రామాణీకరణను రకంగా వ్యక్తపరచుట

ప్రతి ప్రక్రియ మొదట్లో "లాగిన్ అయ్యాడా?" అని అడిగే వాక్యాన్ని ప్రోగ్రామరు గుర్తుంచుకొని రాయాలంటే, ఏదో ఒకనాడు మరచిపోవడం తథ్యం. రకభద్ర నిర్మాణంలో లాగిన్ కాని అభ్యర్థన, లాగిన్ అయిన అభ్యర్థన రెండు వేర్వేరు రకాలు. మొదటి దానిలో వాడుకరి ఉండవచ్చు, ఉండకపోవచ్చు. రెండవ దానిలో తప్పనిసరిగా ఉంటాడు. మొదటి రకాన్ని రెండవ రకంగా మార్చగల ప్రక్రియ కార్యక్రమం మొత్తంలో ఒక్కటే ఉంటుంది. అది సెషనును సరిచూసి, విఫలమైతే 401 సంకేతంతో తిప్పి పంపుతుంది. బిల్లు చెల్లింపు వంటి ప్రక్రియ రెండవ రకాన్నే కోరుతుంది గనుక, తనిఖీని మరచి రాసిన కోడు కంపైలు కాదు. నిర్వాహకుల పనులకు మరింత ఇరుకైన రకాన్ని ఏర్పరచవచ్చు; గుర్తింపు సరైనదై అధికారం మాత్రం లేనివారికి ఇచ్చే సంకేతం 403.

పరిమితులు

బిల్లు గుర్తింపు సంఖ్య సంఖ్యే అయినదని, అడిగినవారు లాగిన్ అయి ఉన్నారని రకాలు చెప్పగలవు. ఆ బిల్లు వారిదేనా అన్నది డేటాబేసును అడిగితేనే తెలుస్తుంది. చిరునామాలోని సంఖ్యను ఒకటి పెంచి ఇతరుల వివరాలు చూడగలగడం ఈ తరహా లోపం. ఓవాస్ప్ సంస్థ 2019లోనూ 2023లోనూ ప్రకటించిన ఏపీఐ భద్రతా ముప్పుల జాబితాలలో మొదటి స్థానం దీనిదే. యజమాని గుర్తింపును కూడా చేర్చి వెదికే ప్రశ్నలను మాత్రమే అందుబాటులో ఉంచడం దీనికి వాడుకలో ఉన్న ఒక నివారణ.

పంచుకొన్న రకాలు ఒకే సమయంలో కంపైలు అయిన రెండు వైపులకే వర్తిస్తాయి. వాడుకరి ఫోనులో నవీకరించని పాత అప్లికేషను గాని, నిన్నటి నుండి తెరచి ఉంచిన బ్రౌజరు పేజీ గాని పాత ఒప్పందాన్నే పాటిస్తూ ఉంటుంది. కనుక ఒక అంశాన్ని తొలగించదలచినపుడు ముందుగా దానిని ఐచ్ఛికం చేసి, పాత ప్రతుల నుండి అభ్యర్థనలు ఆగిన తరువాతనే తీసివేస్తారు.