కంటికి పట్టే బూజు

కంట్లో నలుసు పడడం ఎవరికైనా మామూలే. పైటకొంగు ఉండచేసి, నోటి ఆవిరి పట్టి కంటికి అద్దే అమ్మమ్మలు మన ఇళ్ళలో ఇంకా ఉన్నారు. చాలాసార్లు ఆ పాటి వైద్యంతోనే సరిపోతుంది. కానీ పడింది వడ్ల పొట్టో, గీసుకున్నది చెరకు ఆకు అంచో అయితే కథ అక్కడితో ఆగకపోవచ్చు. నాలుగైదు రోజులకు కన్ను ఎర్రబడుతుంది, నీరు కారుతుంది, వెలుతురు చూడలేరు. నల్లగుడ్డు మీద బూడిదరంగు మచ్చ ఒకటి తేలుతుంది. పల్లెల్లో దీన్ని చూసి "కంట్లో పువ్వు వేసింది" అంటారు. ఆ పువ్వు వెనుక మన దక్షిణాదిలో తరచుగా ఉండేది బూజు.

బూజు అంటే ఇక్కడ అలంకారంగా అన్న మాట కాదు. ఊరగాయ జాడీలో తడి గరిటె పెడితే నాలుగు రోజుల్లో పైన కనబడేది ఏదో, దాని దూరపు చుట్టమే ఇది. వైద్యులు ఫంగస్ అంటారు, మన పాఠ్యపుస్తకాలు శిలీంధ్రం అన్నాయి. కంటికి పట్టే వాటిలో ముఖ్యమైనవి రెండు: ఫ్యుజేరియం, ఆస్పర్‌జిల్లస్. మొదటి దాని పేరు వ్యవసాయం తెలిసిన వారు విని ఉంటారు, కంది చేలో ఎండు తెగులు తెచ్చేది ఆ జాతిలోదే. మట్టిలో, ఆకుల మీద, ఎండు గడ్డిలో దాని విత్తనాల వంటి రేణువులు ఎప్పుడూ ఉంటాయి. నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొరను కార్నియా అంటారు. దాని మందం అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. అందులో రక్తనాళాలు ఉండవు, అందుకే అది అంత స్వచ్ఛంగా ఉంటుంది. రక్తం లేని చోటికి శరీరపు రక్షకదళం చేరడమూ ఆలస్యమే. ఆ పొర మీద చిన్న గీత పడితే చాలు, బూజు అందులో దిగి దారాలు దారాలుగా లోపలికి అల్లుకుపోతుంది.

ఇది ఎంతమందికి వస్తుందో చాలాకాలం ఎవరూ లెక్క కట్టలేదు. ఆ పని ముందుగా చేసిన వాటిలో మదురై ఒకటి. 1994 జనవరి నుండి మార్చి వరకు మూడు నెలల్లో అక్కడి అరవింద్ కంటి ఆసుపత్రికి కార్నియా పుండుతో వచ్చిన 434 మందిని డాక్టర్ ఎం. శ్రీనివాసన్, ఆయన సహచరులు వరుసగా పరీక్షించారు. ప్రతి వందమందిలో 65 మంది కంటికి ముందు ఏదో దెబ్బ తగిలిందన్నారు. ప్రయోగశాలలో క్రిమి పెరిగి తేలిన వారిలో సగానికి సగం బాక్టీరియా, సగానికి సగం ఫంగస్. అమెరికా, ఐరోపా చల్లని దేశాల పుస్తకాల్లో ఫంగస్ అరుదైన కారణం. ఆ పుస్తకాలు చదివి వచ్చిన వైద్యుడు మన వేడి నేలలో మొదటి చూపులోనే పొరబడే అవకాశం ఉందన్నమాట. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వారు 1991 నుండి 2000 దాకా చూసిన సుమారు 1350 మంది ఫంగస్ రోగుల వివరాలను 2002లో ప్రచురించారు. అక్కడా మొదటి స్థానం ఫ్యుజేరియానిదే, రెండోది ఆస్పర్‌జిల్లస్. ఎక్కువమంది పనిచేసే వయసులోని మగవారు. ప్రపంచం మొత్తం మీద ఏటా పది లక్షల మందికి పైగా ఈ జబ్బు పడుతున్నారని 2021లో ఒక అంచనా వచ్చింది. అందులో సింహభాగం ఆసియా, ఆఫ్రికాలదే.

అరవింద్ పేరు చెప్పుకున్నాం కనుక ఒక్క మాట. ఆ ఆసుపత్రిని 1976లో పదకొండు పడకలతో మదురైలో ప్రారంభించిన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి తమిళనాట వడమలాపురంలో 1918లో పుట్టారు. తెలుగు మాట్లాడే కమ్మవారి కుటుంబం. తరాల క్రితం వలస వెళ్ళి ఆ నల్లరేగడి నేలలో స్థిరపడిన మనవాళ్ళే. కీళ్ళవాతంతో వేళ్ళు వంకరపోయినా ఆ చేతులతోనే శస్త్రచికిత్స నేర్చుకుని, ఉద్యోగ విరమణ తరువాత, యాభై ఎనిమిదో ఏట ఈ పని మొదలుపెట్టారు. 2006లో కన్నుమూశారు. మన పత్రిక చదివే కుటుంబాల్లో ఎవరో ఒకరు ఆయన ఆసుపత్రి మెట్లు ఎక్కే ఉంటారు.

ఇక అసలు చిక్కు. పుండుకు కారణం బాక్టీరియానా, ఫంగసా? చూసి చెప్పగలమా? పుండు అంచులు ఈకల్లా చీలి ఉంటే, చుట్టూ చిన్న చిన్న చుక్కలుంటే ఫంగస్ అని పుస్తకాలు చెబుతాయి. 2012లో ఒక పరిశోధన చేశారు. మదురై, శాన్‌ఫ్రాన్సిస్కో కార్నియా నిపుణులకు కంటి పుండ్ల ఛాయాచిత్రాలు చూపించి కారణం చెప్పమన్నారు. ఆరితేరిన ఆ నిపుణులు సరిగ్గా చెప్పింది మూడింట రెండు వంతులే. చూపు నిలవాలో పోవాలో తేల్చే విషయంలో ప్రతి ముగ్గురిలో ఒకరికి తప్పు అంచనా అంటే చిన్న సంగతి కాదు. నిపుణులకే ఇలా ఉంటే మందుల షాపు కుర్రాడి సంగతి వేరే చెప్పాలా?

అందుకే గీకి చూడాలి. ఈ మాట వింటే రోగులు హడలిపోతారు గాని, కంటికి మొద్దుబారే చుక్కలు వేసి చేసే పని అది, రెండు నిమిషాల్లో అయిపోతుంది. పుండు మీది పొరను సన్నని పనిముట్టుతో కాస్త గీకి గాజుపలక మీద పెడతారు. దాని మీద పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం చుక్క వేస్తారు. ఆ క్షారం మన కణాలను కరిగిస్తుంది. బూజు దారాల గోడ గట్టిది కనుక కరగదు. సూక్ష్మదర్శినిలో చూస్తే కొమ్మలు కొమ్మలుగా దారాలు కనబడతాయి. కాల్కోఫ్లోర్ వైట్ అనే రంగు కలిపితే ప్రత్యేకమైన వెలుగులో ఆ దారాలు మెరుస్తాయి. ఆ రంగు మొదట బట్టలకు, కాగితానికి తెల్లదనం తెప్పించడానికి వాడినది, ప్రయోగశాలకు తరువాత వచ్చింది. ఈ పరీక్షకు పెద్ద యంత్రాలు అక్కరలేదు, గంటలోపే తేలిపోతుంది. ఏ జాతి ఫంగసో కచ్చితంగా తెలియాలంటే మాత్రం ప్రయోగశాలలో పెంచి చూడాలి, దానికి కొన్ని రోజులు, ఒక్కోసారి వారం దాటుతుంది. అంతవరకు మందు ఆపి కూర్చోలేరు కదా, మొదటి పరీక్షను బట్టే చికిత్స మొదలుపెడతారు.

ఏ మందు? ఇక్కడే మదురై ప్రపంచానికి చెప్పిన సంగతి ఉంది. పాత మందు నేటమైసిన్. దక్షిణాఫ్రికాలో నాటల్ ప్రాంతపు మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుండి 1950ల్లో తీశారు, పేరు కూడా ఆ ఊరి వల్ల వచ్చిందే. జున్నుగడ్డలకు బూజు పట్టకుండా పైన పూసే మందు కూడా ఇదే. దీనితో ఒక లోపం ఉంది, కార్నియా లోతుకు అంతగా దిగదు. సీసాలో అడుగున తెల్లగా పేరుకుంటుంది, బాగా కుదిపి వేసుకోవాలి. 2002లో వొరికొనజోల్ అనే కొత్త మందు వచ్చింది. లోతుకు దిగుతుంది, ప్రయోగశాలలో రకరకాల ఫంగస్‌ల మీద బాగా పనిచేసింది. ఇంకేం, పాతది పక్కన పెట్టి కొత్తదే వాడదామని చాలామంది వైద్యులు మొగ్గారు. ఖరీదు ఎక్కువైనా సరే అనుకున్నారు.

డాక్టర్ ఎన్. వెంకటేష్ ప్రజ్ఞ, శ్రీనివాసన్‌లు శాన్‌ఫ్రాన్సిస్కోలోని ప్రోక్టర్ సంస్థ పరిశోధకులతో కలిసి ఈ అనుకోవడాన్ని పరీక్షకు పెట్టారు. 2010 ఏప్రిల్ నుండి 2011 డిసెంబరు దాకా 323 మంది రోగులను చీటీలు తీసినట్టు రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు నేటమైసిన్, మరో జట్టుకు వొరికొనజోల్. మొదటి వారం మెలకువగా ఉన్నంతసేపూ గంటకో చుక్క, తరువాత రెండు గంటలకో చుక్క, మూడు వారాలు. ఇంట్లో ఒకరు గడియారం చూస్తూ కూర్చుంటే తప్ప సాగే వైద్యం కాదిది. మూడు నెలల తరువాత చూపు కొలిచారు. పాత మందు గెలిచింది! నేటమైసిన్ వేసుకున్న వారు అక్షరాల పట్టికలో సగటున దాదాపు రెండు వరసలు ఎక్కువ చదివారు. ఫ్యుజేరియం సోకిన వారిలోనైతే తేడా నాలుగు వరసలు. గుడ్డు చిల్లుపడడం, అత్యవసరంగా కార్నియా మార్చవలసి రావడం కూడా ఈ జట్టులోనే బాగా తక్కువ. తేడా ఎంత స్పష్టంగా ఉందంటే, రోగుల క్షేమం చూసే పర్యవేక్షక సంఘం అనుకున్న సంఖ్య పూర్తికాకుండానే పరీక్షను ఆపించింది. 2013లో ఫలితాలు వెలువడ్డాయి.

చుక్కలతో కుదరకపోతే మాత్రల రూపంలో ఇస్తే? జబ్బు ముదిరిన 240 మందితో, భారత్‌లోనూ నేపాల్‌లోనూ, మరో పరీక్ష జరిగింది. చుక్కలకు తోడు వొరికొనజోల్ మాత్రలు మింగిన వారికి అదనపు లాభం కనబడలేదు, ఇబ్బందులు మాత్రం ఎక్కువయ్యాయి. ఆ ఫలితం 2016లో వచ్చింది. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అత్యవసర మందుల పట్టికలో నేటమైసిన్ చుక్కలను చేర్చింది. ఖరీదైన కొత్తదాన్ని చూసి మురిసిపోయే మనస్తత్వం చీరల కొట్లోనే కాదు, వైద్యంలోనూ ఉంటుందని ఈ కథ చదివినప్పుడల్లా అనిపిస్తుంది.

అయితే మంచి మందు దొరికినంత మాత్రాన కన్ను దక్కదు. నేటమైసిన్ వాడినా ఎందరికో మచ్చ మిగిలిపోతుంది, కొందరికి కార్నియా మార్పిడి తప్పదు. అసలు పుండు పడకుండా చూడగలిగితే? నేపాల్‌లోని భక్తపూర్ ప్రాంతంలో కంటికి గీత పడ్డవారికి గ్రామ కార్యకర్తలు మూడు రోజులు క్లోరంఫెనికాల్ లేపనం రాశారు. దెబ్బ తగిలిన పద్దెనిమిది గంటల్లోపు వచ్చిన ఒక్కరికి కూడా పుండు పడలేదని 2001లో ప్రకటించారు. మదురై జిల్లా పల్లెల్లో 374 మందితో ఇంకో మెట్టు ముందుకు వెళ్ళి, ఒక జట్టుకు ఫంగస్ మందు కూడా కలిపి రాశారు. 2006లో వచ్చిన ఫలితం ప్రకారం రెండు జట్లకూ తేడా లేదు, ఉత్త క్లోరంఫెనికాల్ రాసిన వారూ బాగానే ఉన్నారు. కానీ తరువాత నేపాల్‌లోనే ఊళ్ళకు ఊళ్ళు తీసుకుని పెద్ద ఎత్తున చేసిన పరీక్షలో, కార్యకర్తలున్న ఊళ్ళలో పుండ్లు తగ్గినట్టు తేలలేదు. కనుక ఈ విషయంలో చివరి మాట ఇంకా రాలేదు.

ఇక మన ఇళ్ళ సంగతి. తల్లిపాలు, ఆముదం కంట్లో వేయడం, నాలుకతో నలుసు తీయించడం మానుకోవలసినవే. నందివర్ధనం పూలు మూసిన రెప్పల మీద పెట్టుకుంటే చల్లగా ఉంటుందేమో గాని, గీత పడిన కంటికి దాని రసం తగలకూడదు. వీటన్నిటికంటే ఎక్కువ హాని చేసేది స్టెరాయిడ్ చుక్కలమందు. వేసిన రోజున ఎరుపు తగ్గుతుంది, నొప్పి తగ్గుతుంది, మందు అమ్మినవాడు ధన్వంతరిలా కనిపిస్తాడు. లోపల మాత్రం శరీరం చేసే ప్రతిఘటన అణగిపోయి, బూజు అడ్డూ ఆపూ లేకుండా పెరుగుతుంది. డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్, బీటామెథసోన్ అన్న పేర్లు సీసా మీద ఉంటే వైద్యుడు కన్ను చూసి రాసి ఇస్తే తప్ప వేయకండి. పోయినసారి ఎవరికో రాసిన సీసా అలమరలో ఉంది కదా అని తీయవద్దు.

కంటి వైద్యుడి దగ్గరికి వెళ్ళినప్పుడు ఏం పడింది, ఎన్నో రోజు, ఈలోపు ఏమేం వేశారు అన్నది దాచకుండా చెప్పాలి, వేసిన మందు సీసాలు వెంట తీసుకెళ్ళాలి. గీకి పరీక్ష చేస్తారా అని అడగడంలో తప్పులేదు. తమిళనాడు వారికి మదురై, కోయంబత్తూరు, పుదుచ్చేరి అరవింద్ ఆసుపత్రులు, ఒడిశా వారికి భువనేశ్వర్‌లోని ఎల్.వి. ప్రసాద్ శాఖ అందుబాటులో ఉన్నాయి. ఇంకా సొంత ఊళ్ళో పొలం పుట్ర చూసుకుంటున్న పెద్దవాళ్ళుంటే, నూర్పిళ్ళ రోజుల్లో, చెరకు నరికే రోజుల్లో పెట్టుకోమని ఒక జత మామూలు కళ్ళద్దాలు పంపండి. పవరు లేనివైనా ఫరవాలేదు.