పేరు చివర చూస్తే ఆమ్లం తెలుస్తుంది

హైస్కూల్లో ఆమ్లాలు, క్షారాల పాఠం వచ్చేసరికి చాలామంది పిల్లలు పేర్లన్నీ బట్టీ పట్టేస్తారు. హైడ్రోక్లోరిక్, నైట్రిక్, నైట్రస్, సల్ఫ్యూరిక్, సల్ఫ్యూరస్... పరీక్ష దాకా గుర్తుంటాయి. ఆ తర్వాత ఏది ‘ఇక్’, ఏది ‘అస్’ అన్నది కలగాపులగం అయిపోతుంది. తప్పు పిల్లలది కాదు. పేరును ఎటువైపు నుంచి చదవాలో వాళ్లకు ఎవరూ చెప్పరు.

ఆమ్లాన్ని నీటిలో కలిపితే హైడ్రోజన్ ధనావేశంతో విడిపోతుంది. మిగిలింది రుణావేశమున్న అయాన్. స్కూలు పుస్తకంలోని ఆమ్లాలన్నిటిలోనూ హైడ్రోజన్ ఉంటుంది కాబట్టి దాన్నిబట్టి వాటిని వేరుచేయలేం. పేరు వచ్చేది ఆ మిగిలిన అయాన్ నుంచే. కాబట్టి ముందు అయాన్ పేరు చివర ఏముందో చూడాలి. అక్కడ ఉండేవి మూడే: ‘ఏట్’, ‘ఐట్’, ‘ఐడ్’.

చివర ‘ఏట్’ ఉంటే ఆమ్లం పేరు ‘ఇక్’తో ముగుస్తుంది. నైట్రేట్ నుంచి నైట్రిక్, ఫాస్ఫేట్ నుంచి ఫాస్ఫారిక్, సల్ఫేట్ నుంచి సల్ఫ్యూరిక్. ఈ సూత్రం ప్రయోగశాల సీసాలకే పరిమితం కాదు. దుకాణంలో కొన్న పచ్చడి సీసా మీద చిన్న అక్షరాల్లో ‘సోడియం బెంజోయేట్’ అని ఉంటే, అది బెంజోయిక్ ఆమ్లపు లవణం. సిట్రేట్ అంటే నిమ్మకాయలోని సిట్రిక్ ఆమ్లానికీ, టార్టరేట్ అంటే చింతపండులోని టార్టారిక్ ఆమ్లానికీ, లాక్టేట్ అంటే పెరుగులోని లాక్టిక్ ఆమ్లానికీ సంబంధించినవే.

‘ఐట్’ ఉంటే ఆమ్లం చివర ‘అస్’ వస్తుంది. నైట్రైట్ నుంచి నైట్రస్, సల్ఫైట్ నుంచి సల్ఫ్యూరస్. ‘ఏట్’ కంటే ‘ఐట్’లో ఒక ఆక్సిజన్ తక్కువ. పిల్లలు తడబడేది సరిగ్గా ఇక్కడే. ‘ఏట్’ అంటే ఇన్ని ఆక్సిజన్లు అని ఖాయంగా లెక్కేమీ లేదు. నత్రజనితో మూడు ఆక్సిజన్లు ఉంటే అది నైట్రేట్. గంధకంతో అవే మూడు ఉంటే సల్ఫైట్. సల్ఫేట్ కావాలంటే నాలుగుండాలి. కాబట్టి నైట్రేట్, సల్ఫేట్, ఫాస్ఫేట్, కార్బొనేట్, క్లోరేట్‌లలో ఎన్నెన్ని ఆక్సిజన్లున్నాయో నేర్చుకోక తప్పదు. బట్టీ పట్టాల్సిందంటూ ఉంటే ఇంతే. ఆ కాస్తా వస్తే మిగతావి లెక్కగట్టి చెప్పేయొచ్చు.

ఇక ‘ఐడ్’. క్లోరైడ్‌లో ఆక్సిజన్ లేదు. అప్పుడు పేరు ముందు ‘హైడ్రో’, చివర ‘ఇక్’ చేరి హైడ్రోక్లోరిక్ ఆమ్లం అవుతుంది. నీటిలో కలవకముందు అదే పదార్థం హైడ్రోజన్ క్లోరైడ్ అనే వాయువు. 1787లో పారిస్‌లో లావోయిజర్, ఆయన సహచరులు రసాయనాలకు పద్ధతిగా పేర్లు పెట్టేనాటికి ప్రతి ఆమ్లంలోనూ ఆక్సిజన్ ఉండి తీరుతుందని ఆయన నమ్మకం. ఆక్సిజన్ అన్న పేరుకు అర్థమే ఆమ్లాన్ని పుట్టించేది అని. ఉప్పు నుంచి తీసిన ఆమ్లంలో మాత్రం ఎంత వెతికినా అది దొరకలేదు. క్లోరిన్ ఒక మూలకమనీ, ఆ ఆమ్లంలో హైడ్రోజన్, క్లోరిన్ తప్ప మరేమీ లేవనీ 1810లో హంఫ్రీ డేవీ తేల్చాడు.

క్లోరిన్ ఆక్సిజన్‌తో కలిసి ఇంకో నాలుగు ఆమ్లాలను ఇస్తుంది. ఆక్సిజన్ ఒకటైతే హైపోక్లోరస్, రెండైతే క్లోరస్, మూడైతే క్లోరిక్, నాలుగైతే పెర్‌క్లోరిక్. ‘అస్’ కంటే దిగువన ఉన్నదానికి ‘హైపో’, ‘ఇక్’ కంటే ఎగువన ఉన్నదానికి ‘పెర్’. ఈ నాలుగింటినీ ఒక్కసారి కాగితం మీద వరసగా రాసుకున్న విద్యార్థికి పేర్ల పద్ధతి అంతా అర్థమైనట్టే.

తాగునీటిలో క్లోరిన్ కలిపినప్పుడు హైడ్రోక్లోరిక్, హైపోక్లోరస్ ఆమ్లాలు రెండూ పుడతాయి. సూక్ష్మక్రిములను ప్రధానంగా చంపేది హైపోక్లోరస్. ‘హైడ్రో’కూ ‘హైపో’కూ తేడా ఇంట్లోనూ తెలిసుండాలి. మరుగుదొడ్డి శుభ్రం చేసే ద్రవాలు చాలావాటిలో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. బట్టలు తెల్లబరిచే బ్లీచ్‌లో ఉండేది సోడియం హైపోక్లోరైట్. మరకలు త్వరగా పోతాయని ఈ రెండూ కలిపితే క్లోరిన్ విషవాయువు వెలువడుతుంది. గాలి ఆడని స్నానాలగదిలో అది ప్రాణాల మీదికే తెస్తుంది. ఎప్పుడూ, ఏ కొంచెమూ కలపకూడదు.

క్షారాల పేర్లకు ఇంత శ్రమ లేదు. లోహం పేరు చెప్పి పక్కన హైడ్రాక్సైడ్ చేర్చితే చాలు. తడిసున్నం కాల్షియం హైడ్రాక్సైడ్, కాస్టిక్ సోడా సోడియం హైడ్రాక్సైడ్. అమ్మోనియా వేరు. దాని అణువులో హైడ్రాక్సైడ్ లేదు. నీటి నుంచి హైడ్రోజన్ అయాన్‌ను లాక్కుని ద్రావణంలో హైడ్రాక్సైడ్‌ను మిగులుస్తుంది. కాబట్టి దాని పేరు చూసి క్షారమని పోల్చుకోలేం.

ఇనుముకు మాత్రం రెండు హైడ్రాక్సైడ్లున్నాయి. ఇనుము ఆవేశం రెండైతే ఐరన్ టూ హైడ్రాక్సైడ్, మూడైతే ఐరన్ త్రీ హైడ్రాక్సైడ్. పాత పేర్లు ఫెర్రస్, ఫెర్రిక్. ఇక్కడ కూడా తక్కువదానికి ‘అస్’, ఎక్కువదానికి ‘ఇక్’. కాకపోతే లెక్క ఆక్సిజన్లది కాదు, లోహపు ఆవేశానిది. రక్తహీనతకు ఇచ్చే ఐరన్ మాత్రల మీద ‘ఫెర్రస్ సల్ఫేట్’ అని ఉండటం చూసే ఉంటారు. ‘ఫెర్రస్’ అంటే ఇనుము ఆవేశం రెండు. ‘సల్ఫేట్’ అంటే సల్ఫ్యూరిక్ ఆమ్లం నుంచి వచ్చిన అయాన్, దాని రుణావేశమూ రెండే. కాబట్టి ఒక ఇనుముకు ఒక సల్ఫేట్ సరిపోతుంది.